రెండో నంబరు బ్యాటరీ

1993 ఏప్రిల్. మంగళవారం. మధ్యాహ్నం రెండు గంటల యాభై నిమిషాలు.

సత్యనారాయణమూర్తి కునుకు తీసి లేచాడు. ముఖం కడుక్కున్నాడు. వెనక గది గొళ్లెం తీశాడు.

బల్ల మీద కాయిల్ లేదు. రెండో నంబరు బ్యాటరీ లేదు. ఒకటో నంబరు బ్యాటరీ మాత్రం తెగిన వైర్లతో మిగిలి ఉంది.

అతను అరవలేదు. వెనక్కి వచ్చి మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగాడు.

అతని భార్య శారదాదేవి చేతిలోంచి కాఫీ గ్లాసు జారి పడింది. గది ఖాళీ అయినందుకు ఆమె అంత భయపడలేదు. భర్త గోడ వైపు తిరిగినందుకు భయపడింది.

కిందటేడు స్టూడియోలో జనరేటర్ ఆపరేటర్‌గా ఉండేవాడు మూర్తి. ఒక మిట్టమధ్యాహ్నం షాటు మధ్యలో జనరేటర్ కాలిపోయింది. ఉద్యోగం పోయింది. ఆ తరవాత మూడు నెలలు ఆ గోడనే చూస్తూ పడుకున్నాడు. తిండి లేదు, మాట లేదు. డాక్టరు కూడా ఆ గోడను ఓసారి చూసి వెళ్లిపోయాడు.

అతన్ని లేపింది ఆ యంత్రం. ఏదో పత్రికలో చదివి కట్టాడు. సైకిల్ చక్రానికి పాత స్పీకర్ల అయస్కాంతాలు, పక్కన రాగి కాయిల్, రెండు కారు బ్యాటరీలు. ఒకటో నంబరు బ్యాటరీ చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరుగుతుంటే కాయిల్ రెండోదాన్ని నింపుతుంది. నిండాక రెండోది ఒకటోదాన్ని నింపుతుంది. కరెంటు అక్కర్లేదు, డీజిల్ అక్కర్లేదు. ఏడు నెలలుగా తిరుగుతోంది. భౌతికశాస్త్రం ఒప్పుకోదు. మూర్తి భౌతికశాస్త్రాన్ని అడగలేదు.

ఇవాళ నాలుగింటికి జూబ్లీహిల్స్ నుంచి ఒక నిర్మాత వస్తున్నాడు, ఒక ప్రొఫెసర్‌ని వెంటబెట్టుకుని. యంత్రాన్ని తన బంగళాకి తీసుకెళ్లి గదిలో పెట్టి సీలు వేస్తారు. మూడు రోజుల తరవాత కూడా తిరుగుతుంటే మూర్తి పేరు మీద కంపెనీ.

మూడుంబావుకి ఇన్‌స్పెక్టర్ చలపతిరావు జీపు దిగాడు. పోయింది జూబ్లీహిల్స్ వాళ్లకి కావలసిన వస్తువు. ఫిల్మ్‌నగర్ బస్తీ వాళ్లకి మాత్రమే కావలసిందైతే కానిస్టేబుల్ మర్నాడు వచ్చేవాడు.

"దొంగ దొరికిపోయాడండీ," అన్నాడు నిర్మాత మేనేజర్ వెంకటేశ్వరరావు, గేటు దగ్గరే. ఏర్పాట్లు చూడ్డానికి ముందే వచ్చాడు; పోలీసులకి ఫోన్ చేసింది అతనే. సఫారీ సూటు, చేతిలో బ్రీఫ్‌కేసు. "మీరు సంతకం పెడితే చాలు."

దొంగ గుమ్మం ముందు గొంతుక్కూర్చున్నాడు. పేరు భిక్షం. యూసుఫ్‌గూడలో ఉంటాడు. లైట్‌మన్. పక్కన గోనెసంచి.

"ఎన్నింటికి వచ్చావ్?"

"ఒకటిన్నరకు సార్."

"ఎందుకు?"

"మూర్తి సార్‌కు రాగి తీగ కావాలన్నడు. తెచ్చిన. సార్ పండుకున్నడు. లేపుడెందుకని ఎల్లిపోయిన. గిప్పుడిద్దామని మల్లొచ్చిన."

"సంచిలో ఏముంది?"

"గదే తీగ. చూడుండ్రి."

హెడ్ కానిస్టేబుల్ ఓదెలు సంచి బోర్లించాడు. తీగ చుట్టలే.

"దాన్ని ఎక్కడో దాచి, సంచిలో ఇది వేసుకొచ్చాడు," అన్నాడు మేనేజర్. "యూనియన్ ఆఫీసుకి ఫోన్ చేసేశా. సాయంత్రానికి కార్డు రద్దు."

భిక్షం లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. కార్డు లేని లైట్‌మన్‌ని ఏ యూనిట్టూ గేటు లోపలికి రానివ్వదు.

"సార్, జర ఆగుండ్రి. నా పెండ్లాం పిల్లల మీద ఒట్టు. నేను లోపల అడుగు పెట్టలే."

పక్క వాటాలో ఉండే నీలమ్మ గోడ మీదుగా అంతా వింటోంది. ఇన్‌స్పెక్టర్ అటు తిరిగాడు.

"ఒంటిగంట నుంచి ఇక్కడే ఉన్నారా?"

"ఉన్న. బియ్యంల రాళ్లు ఏరుతున్న."

"ఎవరు వచ్చారు, ఎవరు పోయారు?"

"భిక్షం వచ్చిండు, పోయిండు. గంతే."

"ఇంకెవ్వరూ?"

"ఎవ్వరు లేరంటున్న గద! శారదమ్మ చెంగు కప్పుకొని, సంకల బిందె పెట్టుకొని రెండు తడవలు నీళ్లకు వోయింది. గదేం లెక్క?"

నిజమే. ఆ బస్తీలో చంకన బిందెతో నడిచే ఆడమనిషిని ఎవరూ లెక్కపెట్టరు.

చలపతిరావు లోపలికి వెళ్లాడు. మంచం దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"మూర్తిగారూ, ఎవరిమీదైనా అనుమానం ఉందా?"

మూర్తి గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

మూడు నలభై. ఇన్‌స్పెక్టర్ పెరట్లోకి వచ్చాడు. దండెం మీద ఒక నేత చీర ఆరేసి ఉంది. ఇంకా నీళ్లు కారుతున్నాయి.

ఏ ఇల్లాలూ మధ్యాహ్నం మూడింటికి చీర ఉతకదు. అందులోనూ వారానికి రెండుసార్లు ట్యాంకరు వచ్చే చోట.

చీర పట్టుకుని చూశాడు. ఒకచోట చిన్న చిన్న చిల్లులు. చుట్టూ దారంతో కుట్టిన పాత రఫ్ఫులు. లెక్కపెట్టాడు. పదకొండు.

"ఎలుకలు కొట్టినయ్ సార్," అన్నాడు ఓదెలు. "మా ఇంట్ల గూడ గిట్లనే."

"మీ ఎలుకలు నడుం దగ్గరే కొరుకుతాయా? అదీ ఎడమవైపే?"

ఓదెలు తన ఎలుకల గురించి ఆలోచనలో పడ్డాడు. ఇన్‌స్పెక్టర్ వంటింట్లోకి వెళ్లాడు. నీళ్ల డ్రమ్ము మూత తీశాడు. అడుగు కనిపిస్తోంది.

"ట్యాంకరు ఏ రోజుల్లో వస్తుందమ్మా?"

శారదాదేవి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. "సోమవారం, గురువారం అండీ."

"ఇవాళ మంగళవారం. మీరు రెండుసార్లు నీళ్లకి వెళ్లారు. డ్రమ్ములో నీళ్లు అడుగునే ఉన్నాయి."

ఆమె డ్రమ్ము మీద మూత పెట్టేసింది.

చలపతిరావు గొంతు తగ్గించాడు. "బ్యాటరీలో ఉండేది యాసిడ్. నేతబట్ట మీద పడితే అప్పటికి ఏం కనపడదు. ఉతికాక చిల్లులు తేలతాయి. మా జీపు డ్రైవరు ప్యాంట్లన్నీ అలాగే పోయాయి. కానీ అతనికి చిల్లులు ముందువైపు, తొడల దగ్గర. మగవాళ్లు బ్యాటరీని రెండు చేతుల్తో ముందుకు పట్టుకుని మోస్తారు. మీరు బిందెలాగా చంకన పెట్టుకున్నారు. ఇవాళ ఒక్కరోజే కాదు. పాత రఫ్ఫులు పదకొండు ఉన్నాయి. నెలల తరబడి మోశారు. ఎందుకు?"

ఆమె ముందుగదిలో మంచం వైపు చూసింది. మధ్యలో ఉన్నది కర్టెనే.

"ఆ యంత్రం బ్యాటరీని నింపదండీ. తాగేస్తుంది," అంది, దాదాపు పెదవులతోనే. "కట్టిన రెండో రోజే ఆగిపోయింది. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు ఆయన నిద్రపోతుంటే మలుపులో బ్యాటరీ షాపుకి మోసుకెళ్లాను. ఛార్జింగుకి ఒక రోజు పడుతుందన్నాడు. అందుకని అలాంటిదే ఇంకోటి కొన్నాను. దాని మీద కూడా తెల్ల రంగుతో రెండు అని రాశాను. రోజు విడిచి రోజు ఖాళీది ఇచ్చేసి నిండుది తెచ్చి పెడతాను. బి.ఏ. తెలుగు చదివాను. ఫిజిక్సు రాదు. మోయడం వచ్చు."

"మూడు రోజులు సీలు వేస్తే మార్చడం కుదరదు."

"రెండో రోజుకే ఆగిపోతుంది. అందరి ముందూ." ఆమె కళ్లు తుడుచుకోలేదు. "పోయిన యంత్రం పనిచేసినట్టే మిగిలిపోతుంది కదండీ. ఇంకోటి కట్టుకుంటారు. మళ్లీ మోస్తాను. దొరకలేదని రాసేయండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"రాసేస్తాను. మరి భిక్షం?"

ఆమె గుమ్మం వైపు చూసింది.

"మేనేజర్ ఫిర్యాదులో అతని పేరు రాశాడు. యంత్రం దొరక్కపోతే అతనే దొంగ. దొరికితే మీ ఆయన..." చలపతిరావు వాచీ చూసుకున్నాడు. మూడు యాభై రెండు. "ఈ కేసులో నేను కనిపెట్టాల్సింది ఇంకేం లేదమ్మా. ఇక మీరే చెప్పాలి."

ముందుగదిలో అందరూ చేరారు. మేనేజర్ కుర్చీలో. భిక్షం గుమ్మంలో, అతని భుజం మీద ఓదెలు చెయ్యి. మూర్తి వీపు అందరివైపూ ఉంది.

"ఇంకా దేనికండీ ఆలస్యం?" అన్నాడు వెంకటేశ్వరరావు. "స్టేషన్‌కి తీసుకెళ్లి నాలుగు తగిలిస్తే చెప్తాడు."

ఓదెలు భిక్షాన్ని జీపు వైపు నడిపించాడు. భిక్షం ఎదురు తిరగలేదు. చెప్పులు మాత్రం వేసుకోనివ్వమన్నాడు.

"భిక్షమన్నా, ఆగు."

శారదాదేవి కర్టెన్ పట్టుకుని నిలబడి ఉంది.

"భిక్షం కాదు. నేను తీశాను. కాయిల్, బ్యాటరీ మలుపులో షాపులో ఉన్నాయి." ఊపిరి తీసుకుంది. "అక్కడ రెండో నంబరు బ్యాటరీలు రెండు ఉంటాయి. ఏడు నెలలుగా యంత్రం నడవలేదు. నేను మారుస్తూ వచ్చాను."

మేనేజర్ నవ్వాడు.

"అంటే ఈవిడగారే ఫ్రీ ఎనర్జీ అన్నమాట!"

"వెంకటేశ్వరరావుగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్, "అబద్ధపు ఫిర్యాదు మీద కూడా ఒక సెక్షన్ ఉంది. చదివి వినిపించమంటారా? ముందు యూనియన్‌కి ఫోన్ చేసి కార్డు రద్దు ఆపించండి."

మేనేజర్ నవ్వు మానేశాడు. గేటు దగ్గర కారు హారన్ మోగింది. అతను బ్రీఫ్‌కేసు పట్టుకుని అటు పరిగెత్తాడు. రెండు నిమిషాల్లో ఆ కారు వెనక్కి తిరిగి జూబ్లీహిల్స్ వైపు పోయింది.

భిక్షం సంచి ఎత్తుకున్నాడు. "పోతున్ననమ్మా," అన్నాడు. తీగ చుట్టలు అక్కడ పెట్టాలో వద్దో తేల్చుకోలేక, తీసుకునే పోయాడు.

"కేసు ఏమని రాయాలె సార్?" అన్నాడు ఓదెలు జీపు దగ్గర.

"వస్తువు పోలేదని రాయి."

లోపల ఇద్దరే మిగిలారు.

గోడ వైపు నుంచి గొంతు వచ్చింది. "ఎన్ని కిలోలు ఉంటుందో తెలుసా అది?"

"పదిహేనట. షాపతను చెప్పాడు."

"మూతలు బిగించావా?"

"ఏ మూతలు?"

"పైన ఆరు ఉంటాయి కదా, శారదా! అవి బిగించకుండా ఒరిగించి మోస్తే యాసిడ్ కారదూ?" మూర్తి లేచి కూర్చున్నాడు. ముఖం బూడిద రంగులో ఉంది. "ఇలా రా. నడుం చూపించు."

"ఏం లేదండీ."

"చూపించు."

ఆమె చెంగు తొలగించింది. పాత మచ్చల మీద, ఇవాళ్టి హడావిడిలో కాలిన చోటు అరచెయ్యంత ఎర్రగా పొంగి ఉంది.

అతను ఆమెని పెరట్లోకి నడిపించి, డ్రమ్ము అడుగున ఉన్న నీళ్లన్నీ చెంబుతో దాని మీద పోశాడు. ఒక్క బొట్టు మిగల్చలేదు.

"రేపు పొద్దున్న లేచి నేనేం చెయ్యాలి, శారదా?" అన్నాడు.

"రేపటి సంగతి తరవాత," అంది ఆమె. "ఉన్న నీళ్లన్నీ నా మీద పోశారు. రాత్రికి అన్నం ఎలా వండను? బిందె తీసుకుని నీలమ్మ దగ్గరికి వెళ్లండి."

మూర్తి బిందె అందుకున్నాడు.

దాన్ని చంకన పెట్టుకోవడం అతనికి చేతకాలేదు.

రెండు చేతుల్తో ముందుకు పట్టుకుని బయలుదేరాడు.