వంజరం చచ్చిన వేళ

రండి, దగ్గరికి జరగండి. వెనకవాళ్లు ఆ గుసగుసలు ఆపితే ఒక సత్యవంతుడి కథ చెబుతాను.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వరహాలంత సత్యవంతుడు లేడు. ఎనభై రెండులో అతను తెప్ప మీద తెచ్చిన ప్రతి చేపా ‘ఇప్పుడే’ చచ్చేది. కొన్నయితే మూడు రోజులపాటు వరసగా ఇప్పుడే చచ్చేవి.

జయమణి దగ్గర మాత్రం ఆ ఆట సాగలేదు. ఎగుమతి కంపెనీ ల్యాబులో ఆమె ఉద్యోగం. చేప చచ్చాక దాని కండలో రసాయనం గంటగంటకీ విరిగి వేరేదిగా మారుతుంది. జయమణి చిన్న ముక్క నూరి, మందు కలిపి, ఎంత మారిందో కొలిచి, చావు ముహూర్తం చెప్పేసేది.

"పొద్దున్నే సచ్చింది మేడమ్," అన్నాడు వరహాలు మొదటి రోజు.

"నిన్న మధ్యాహ్నం భోజనాల వేళకి పోయింది. దినం కూడా పెట్టేయొచ్చు."

"అప్పుడు నువ్వున్నావేటి దాని పక్కన?"

"అది నీకన్నా నిజం చెప్తాది."

పాపం, వరహాలు అవమానంతో కుంగిపోయాడు. మర్నాటి నుంచి తల దువ్వుకుని మరీ రోజూ వచ్చి కుంగిపోయేవాడు.

ఆరు నెలలు గడిచాక ఒక బుధవారం జయమణి చెప్పింది. "ఆదివారం తగరపువలస నుంచి నన్ను చూడ్డానికొస్తన్నారు. ఈలోగా ఒక్కసారి నిజం చెప్పు, మా నాన్నతో నీ గురించి మాట్లాడతాను. చేప దగ్గరే నిజం చెప్పనోడు రేపు నాకేటి చెప్తాడు?"

ఆ మాట అనేసి రెండు రోజులు సెలవు పెట్టింది.

శనివారం వేలం పాట దగ్గర, అందరి ముందూ వరహాలు వంజరం చేపని ఎత్తి పట్టుకున్నాడు. "ఇది బుధోరం సాయంత్రం సచ్చింది."

అక్కడ అలాంటి మాట అన్నవాడు పుట్టలేదు. కొనేవాళ్లు అతని గంప మొత్తం వదిలేసి పోయారు.

జయమణి ముక్క నూరింది, కొలిచింది. మొహం మాడిపోయింది. తెప్పల మీద ఐస్ ఉండదని ఆమె లెక్క.

"పది గంటలు కూడా అవలేదు. తగ్గించి చెప్పడం అయింది, ఇప్పుడు పెంచడం మొదలెట్టావా?"

"ఐసులో ఎట్టాను. సల్లగుంటే కండ తొరగా మారదని నువ్వే సెప్పావు గదా. నువ్వొచ్చీదాకా నా నిజం కుల్లిపోకూడదని."

"నీకు ఐసెవరిచ్చారు?"

వరహాలు అరచేతులు చాపాడు. ఐస్ ఫ్యాక్టరీలో రెండు రోజులు దిమ్మలు మోసిన చేతులు. చర్మం లేచిపోయి ఎర్రగా ఉన్నాయి.

జయమణి వాటిని చాలాసేపు పరీక్షించింది. ఈసారి మందేమీ కలపలేదు.

"సాయంత్రం ఇంటికి రా. నాన్నతో నాను మాట్లాడతాను," అంది. "చేప తేకు."

గంప నెత్తిన పెట్టుకుని ఇదంతా చూస్తున్న చేపలమ్మే చిట్టమ్మ ముందుకొచ్చింది.

"మేడమ్, మా ఆయన సిటికినేలు కోసి తెత్తాను, ఓపాలి నూరి సూడు. ఆదోరం నుంచీ మంచం మీద కదలట్నేదు. ఎప్పుడు సచ్చాడో సెప్తే, నాను అన్నం వండాలో వద్దో తేల్సుకుంటాను."