గడప దాటిన కుంకుమ భరిణె

“అమ్మా... నా మొహం మీదే తలుపేసిండమ్మా బావ!”

ఫోన్‌లో లాస్య ఏడుపు చూసి స్వర్ణలత చేతిలోని గరిటె జారి కింద పడింది. సికింద్రాబాద్ కార్ఖానా పేటలో ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. పాల ప్యాకెట్లు గుమ్మం ముందే ఉన్నాయి. కెనడాలో అప్పుడే పొద్దుగూకుతోంది. దోసె మాడుతున్న వాసన వస్తోంది, అయినా స్వర్ణలత పొయ్యి వైపు చూడలేదు!

“ఎవరే? తిరుమలా? సొంత మేనబావ గట్లెందుకు చేస్తడే?”

“ఇంటింటికీ తిరుగుతూ వాళ్లింటికి సుత పోయినమ్మా. తలుపు తీసిండు. చూసిండు. ‘పెళ్లికి పిలవనోళ్లకు ఓటడగనీకి మా ఇల్లు యాదికొచ్చిందా?’ అన్నడు. అంతే! నా పక్కన పార్టీ వాళ్లు ఇద్దరున్నరమ్మా. వాళ్లకు తెలుగు రాదు కాబట్టి బతికిపోయిన...”

స్వర్ణలత పొయ్యి ఆపేసి, ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది.

లాస్య అక్కడ నర్సు. డ్యూటీ మీద డ్యూటీ వేసి నర్సుల నడుం విరగ్గొడుతున్నారని ఆస్పత్రి గేటు ముందు గొంతెత్తింది. మందుల ధరల గురించీ, ఇంటి కిరాయిల గురించీ మాట్లాడింది. కూలీల పక్షాన నిలబడే పార్టీ ఒకటి ఆమెను పిలిచి పార్లమెంటుకు అభ్యర్థిగా నిలబెట్టింది. వాళ్ల రంగు నారింజ. పోటీ చేసేవాళ్లంతా మామూలు మనుషులే... ఒక చోట బస్సు డ్రైవరు, ఒక చోట బడి పంతులమ్మ, ఇక్కడ సికింద్రాబాద్ పిల్ల! దేశమంతా ఈ పార్టీకి గడ్డుకాలమేనని సర్వేలు ఘోషిస్తున్నాయి. లాస్య పట్నంలో మాత్రం పోటీ నువ్వా నేనా అన్నట్టుంది.

ఆ పట్నంలోనే మనవాళ్లు వీధులకు వీధులున్నారు. వాళ్ల తెలుగు సమాజానికి పెద్ద తిరుమల్. లారీల కంపెనీ నడుపుతాడు. పెళ్లయినా చావైనా ముందుండేది అతనే. అతని మాట అంటే మాట! ‘సొంత మేనత్తను పెళ్లికి పిలవని పిల్ల రేపు మన గోడు ఎవరికి చెప్తది?’ అన్న ముక్క ఆ వీధులన్నీ తిరిగేసింది. లాస్య వెళ్లేలోపే తలుపులు మూసుకుంటున్నాయి.

“అనసూయ అత్తమ్మను నిజంగనే పిలవలేదా అమ్మా?”

ఆ ప్రశ్నకు స్వర్ణలత కళ్ల ముందు బోయిగూడలోని అనసూయమ్మ ఇంటి గడప కదిలింది...

పిలవకపోవడమేమిటి! లాస్య పెళ్లి కుదిరిన వారంలోనే కుంకుమ భరిణె పట్టుకుని తనే వెళ్లింది. భర్త బ్రహ్మచారి పోయిన బాధ పచ్చిగానే ఉంది. అయినా ఆయన తోబుట్టువును, అనసూయమ్మను, తనే స్వయంగా పిలవాలనుకుంది. గడపలో అడుగు పెట్టబోతుంటే అనసూయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ‘ఏందీ, నీ చేతుల కుంకుమ పట్టుకొస్తివా? మొగుడు పోయినదానివి! శుభమా అని పెళ్లి చేసుకుంటూ గిదేం పని? పో... ముత్తయిదువను ఎవరినన్న పంపు!’ వాడకట్టంతా చూస్తుండగా అన్న మాట అది! స్వర్ణలత వెనుదిరిగింది. ముత్తయిదువను పంపలేదు. ఆ వైపు నుంచి ఎవరూ పెళ్లికి రాలేదు. పోయినేడాది అనసూయమ్మ భర్త కన్నుమూసినప్పుడు కూడా స్వర్ణలత ఆ గడప తొక్కలేదు. పిల్లలకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడే అవమానాలు కొన్నుంటాయి ఆడదానికి!

“నేను పోయి మాట్లాడుతా బిడ్డా,” అంది చివరికి.

“వద్దమ్మా! ఓట్ల మాట అసలే ఎత్తొద్దు. బయటి దేశపోళ్లతో ఓట్లు అడిగించొద్దని మా పార్టీ ఆఫీసుల గట్టిగ చెప్పిండ్రు. ఓడిపోతే ఓడిపోతా... నువ్వు నా కోసం ఎవరి కాళ్లూ పట్టుకోవద్దు!”

“ఓట్లు ఎవరడుగుతున్నరే? ఆ రోజు గడప బయటనే ఆగిపోయిన పిలుపు ఒకటున్నది. దాన్ని లోపలికి తీస్కపోతా... అంతే!”

ఫోన్ పెట్టేసి బీరువా తెరిచింది. చీరల మడతల కింద వెండి భరిణె. జనరల్ బజారులో వెండిపని చేసే బ్రహ్మచారి తన చేత్తో చెక్కిన భరిణె! మూత మీద చిన్న నెమలి. ఆ రోజు తిరిగొచ్చాక దాన్ని మళ్లీ తెరవలేదు.

కొడుకు దయాకర్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఏం జరిగిందో తల్లి చెప్పగా పాత కథంతా విన్నాక అతని మొహం ఎర్రబడింది.

“మళ్లా ఆ ఇంటికా? మళ్లా గదే మాట అంటే? పోనీ, పక్కింటి ఆంటీని తోలుకపో. బొట్టు ఆమె పెడ్తది. నువ్వు ఊకె నిలబడు.”

“లేదు నాయనా. ఆ రోజు నా చేతులు వద్దన్నరు. ఇయ్యాల నా చేతులతోనే పెడతా. వద్దంటే ఆ మాట మళ్లా నా మొహం మీదే అననీ! ఈసారి నేను వెనక్కి తిరగను.”

దయాకర్ స్కూటర్ తీశాడు.

*

బోయిగూడ సందులో స్కూటర్ ఆగేసరికే కిటికీలు తెరుచుకున్నాయి. తలుపు తీసింది అనసూయమ్మ పెద్దకోడలు వసుధ. భరిణె చూడగానే ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

“చిన్నత్తమ్మా! మీరా?” అంటూ లోపలికి తిరిగి చూసింది.

లోపల కుర్చీలో అనసూయమ్మ. ఎంత మారిపోయింది! రూపాయి బిళ్లంత బొట్టుతో, ఇల్లదిరే గొంతుతో ఉండే మనిషి... ఇప్పుడు బోడి నుదురుతో గోడవైపు ఒదిగి కూర్చుంది. నోరు మాత్రం పాతదే!

“ఏందీ స్వర్ణా, తొవ్వ తప్పినవా? ఓ... బిడ్డ ఎలక్షన్ల నిలబడ్డది కదా! ఓట్లు యాదికొస్తే వదినె సుత యాదికొస్తది!”

“ఓట్ల మాట నా నోట రాదు వదినె. ఎవరికి ఎయ్యాల్నో మీ పిల్లలకు ఎరుకే. నేను భోజనానికి పిలువనీకొచ్చిన. లెక్కింపు నాడు పొద్దుగాలనే మా ఇంటికి రాండ్రి. లాస్య గెలిచినా మా ఇంట్లనే తినాలె. ఓడినా మా ఇంట్లనే తినాలె!”

గడప ముందు ఒక్క క్షణం ఆగింది. ఆ రోజు అడ్డం పడిన చెయ్యి మళ్లీ లేస్తుందా?

లేవలేదు!

స్వర్ణలత గడప దాటింది. వసుధ నుదుట బొట్టు పెట్టింది. ఎదురింటి కిటికీలో ఎవరో గుసగుసలాడారు. పట్టించుకోలేదు. మళ్లీ కుంకుమలో వేలు ముంచి అనసూయమ్మ వైపు వంగింది. అనసూయమ్మ దిగ్గున తల వెనక్కి లాక్కుంది.

“నాకెందుకే! మీ అన్న పోయినంక నాకెవరు పెడ్తున్నరు? మొన్న పక్కింటోళ్లు పెండ్లికి పిలువ వచ్చిండ్రు. కోడలికి బొట్టు పెట్టి, నన్ను దాటి పోయిండ్రే స్వర్ణా... మనిషినే కానట్టు దాటి పోయిండ్రు! గప్పుడు యాదికొచ్చినవే నువ్వు. నేను నిన్ను గడప బయటనే నిలబెట్టిన ఆ దినం యాదికొచ్చింది...” అంతలో ఆమె చూపు భరిణె మీద పడింది. నెమలి బొమ్మను వేలితో తడిమింది. “ఇది... మా తమ్ముడు చేసింది కదే?”

“మీ తమ్ముడు చేసిందే వదినె. ఈ చేతులు సుత మీ తమ్ముడు పట్టుకున్నవే. నా తప్పూ ఉన్నది... అన్న పోయినప్పుడు నేను రాకపోతి. మనసు రాయి చేసుకొని ఇంట్లనే కూర్చుంటి. నన్ను మాఫ్ చేయి వదినె!”

అంటూనే అనసూయమ్మ నుదుట నిండుగా, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది! అనసూయమ్మ మరదలి భుజం మీద పడి చిన్నపిల్లలా భోరుమంది. వసుధ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వాకిట్లో స్కూటర్ మీద కూర్చున్న దయాకర్ హెల్మెట్ అద్దం దించేసుకున్నాడు.

కాసేపటికి అనసూయమ్మ కళ్లు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది. పాత అనసూయమ్మ తిరిగొచ్చింది!

“వసుధా! తిరుమల్‌కు ఫోన్ కొట్టు!”

తెర మీదికి వచ్చిన కొడుకు తల్లి నుదుటి బొట్టు చూసి తడబడ్డాడు. “అమ్మా... ఏంది, ఎవరు పెట్టిండ్రు?”

“మీ అత్తమ్మ పెట్టింది. ఇగ నేను చెప్పేది నోరు మూసుకొని విను. లాస్య పెండ్లికి మనల్ని పిలవలేదని నీకు చెప్పిన. అబద్ధం! పిలువ వచ్చింది. మొగుడు పోయినదని నేనే గడప తొక్కనియ్యలే. అందరి ముందు ఆ మాట అని పంపిన. ఆ పిల్లకు పాపం అది సుత తెల్వదు!”

తెర మీద కొడుకు తల పట్టుకున్నాడు.

“నేనేమో... మరదలు ముఖం మీద తలుపేసిన,” అన్నాడు తిరుమల్ చివరికి.

“తిరుమల్,” స్వర్ణలత ఫోన్ దగ్గరికి జరిగింది. “నువ్వు ఎవరికి ఓటేస్తవో నాకు అక్కర్లేదు బిడ్డా. తలుపు మాత్రం తెరువు. చాయ్ తాపి పంపు!”

*

రెండో రోజు లాస్య నుంచి ఫోటో వచ్చింది. తిరుమల్ ఇంటి ముందు గడ్డిలో లాస్య పేరున్న నారింజ రంగు ప్రచార బోర్డు. దాని పక్కన సుత్తి పట్టుకుని తలవంచుకు నిలబడ్డ బావ! ‘చాయ్ తాపిండమ్మా! నీ పార్టీ ఏం చెప్తదో చెప్పు అని కూర్చోబెట్టి రెండు గంటలు కొశ్చన్లు అడిగిండు. తర్వాత బూట్లేసుకొని నా వెంట బయల్దేరిండు!’ అని రాసింది. అప్పట్నుంచి అతను వీధి వీధీ ముందు నడిచాడు. ప్రతి గుమ్మం దగ్గరా ముందు తన తప్పు చెప్పుకున్నాడు. ఆ తర్వాతే ‘ఇప్పుడు మా మరదలు మాట్లాడుతది, వినుండ్రి’ అన్నాడు. మూసుకున్న తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి!

లెక్కింపు నాడు కార్ఖానా ఇంట్లో చెప్పులు పెట్టడానికి చోటు లేదు. ఉప్మా, పులిహోర, చాయ్ ఫ్లాస్కులు. అనసూయమ్మ టీవీ ఎదురుగా ముందు కుర్చీ ఆక్రమించింది. దయాకర్ ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించాడు.

మొదట్లో అన్నీ చేదు వార్తలే. నారింజ పార్టీ అభ్యర్థులు ఒకరి తర్వాత ఒకరు ఓడిపోతున్నారు. బస్సు డ్రైవరు పోయాడు. బడి పంతులమ్మ పోయింది. ‘వాళ్ల తల్లులు సుత ఏడనో గిట్లనే కూర్చొని చూస్తున్నరేమో...’ అనుకుని స్వర్ణలత కళ్లు తుడుచుకుంది.

లాస్య పేరు వచ్చింది. వెనుకబడి ఉంది! ఇంట్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. కొద్దిగా పుంజుకుంది. మళ్లీ జారింది. స్వర్ణలత కొంగు చివర వేలికి చుట్టుకుంటూనే ఉంది. అనసూయమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఎందుకు పరేషాన్ అయితవ్? మనోళ్ల వాడకట్టుల ఓట్ల డబ్బాలు ఇంకా ఇప్పలేదంట. తిరుమల్ చెప్పిండు!”

ఆ డబ్బాలు తెరిచారు!

నారింజ గీత మెల్లగా కదిలింది... సమమైంది... దాటింది! ఇంకా దాటింది! తెర మీద లాస్య పేరు పక్కన గెలిచిందని టిక్కు పడింది! దయాకర్ అరుపుకి సందులోని కుక్కలన్నీ మొరిగాయి. వసుధ పులిహోర గిన్నె పట్టుకునే ఎగిరి గంతేసింది.

వెంటనే వీడియో కాల్. జనం మధ్య లాస్య, మెడలో నారింజ కండువా. వెనకాల తిరుమల్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు.

“అమ్మా, గెలిచినం! స్టేజీ మీద ఏం చెప్పిన్నో తెలుసా? మా అమ్మ నా కోసం ఎవరినీ ఓటు అడగలేదు, తెగిపోయిన చుట్టరికం మాత్రం కలిపింది, రేపు పార్లమెంటుల నా పని సుత గదే అన్న! ఇంగ్లీషుల చెప్పిన గని, ఏడుపు మాత్రం తెలుగులనే వచ్చిందమ్మా!”

స్వర్ణలతకు కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. ఇన్నేళ్లలో మొదటిసారి, వాటిని దాచుకోవాలనిపించలేదు!

అనసూయమ్మ లేచింది. దేవుడి గూట్లోని వెండి భరిణె అందుకుంది. ఇల్లంతా చూస్తుండగా, మరదలి బోడి నుదుట తన చేత్తో ఎర్రగా, నిండుగా బొట్టు పెట్టింది.

“వదినె...”

“ఊకో! ఏడుపు చాలు, పని షురూ చెయ్యి. పిల్ల ఇక్కడికి వచ్చినప్పుడు దావత్ ఇయ్యాలె. అల్వాల్ల మా చిన్నమ్మ ఇంటికెళ్లి మొదలు పెడదాం. ఫోన్ల పిలిస్తే ఆమె జన్మల రాదు!”

“మనిద్దరం పోయి బొట్టు పెడితే ఏమన్న అంటదేమో వదినె?”

“అననీ చూద్దాం! ఎంపీ మేనత్తను నేను!”

దయాకర్ ఆటో పిలిచాడు. ఎండ పెళపెళలాడుతోంది. ఇద్దరి నుదుళ్ల మీదా చెమటకు కుంకుమ కొద్దిగా కారుతోంది. ఇద్దరూ తుడుచుకోలేదు. భరిణె ఎవరు పట్టుకోవాలా అని ఆటోలో కాసేపు పోట్లాడుకుని, చివరికి ఇద్దరి మధ్యా పెట్టుకున్నారు.