చిరాగ్‌పల్లి చెక్‌పోస్ట్‌లో ఆపరేషన్ మెథిల్

1978 మే. జహీరాబాద్ డాక్‌బంగళాలో చీఫ్ ఇంద్రసేన తలుపు గడియపెట్టి, ఏజెంట్ విరూపాక్షకు పని చెప్పాడు.

"మన కణాల్లో హిస్టోన్ అనే ప్రోటీన్ల చుట్టూ డి.ఎన్.ఏ. బొంగరానికి తాడులా చుట్టుకుని ఉంటుంది. హిస్టోన్ మీద మెథిల్ గుర్తు పడితే కొన్ని జన్యువులు నిద్రపోతాయి. డాక్టర్ గిరిజమ్మ కనిపెట్టిన ఎంజైమ్ ఆ గుర్తును పీకేసి వాటిని లేపుతుంది. కేన్సర్‌ను కూడా లేపగలదు. విదేశీ ముఠాకు కావలసింది అదే. ఉన్నది ఒక్కటే సీసా, నిన్న పోయింది. చిరాగ్‌పల్లి దగ్గర రాష్ట్ర సరిహద్దు దాటిందా, ఖతం!"

"గుర్తుపట్టేదెట్ల సార్?"

"ఈ కాగితానికి మెథిల్ ఉన్న హిస్టోన్ పూశారు. అసలు ఎంజైమ్ చుక్క పడితే మెథిల్ ఊడి ఫార్మాల్డిహైడ్ పుడుతుంది, కాగితం ఊదారంగుకు తిరుగుతుంది. ఇంకో మాట. దాని పనితనమంతా దాని మడతల్లో ఉంది. వేడి తగిలితే మడతలు విడిపోతాయి. ఐస్ లేకుండా ఎవడూ మొయ్యలేడు."

మధ్యాహ్నానికి విరూపాక్ష అల్లం వ్యాపారి వేషంలో చిరాగ్‌పల్లి చెక్‌పోస్ట్ దగ్గర ఉన్నాడు. తెల్ల అంబాసిడర్ ఆగింది. షిఫాన్ చీర, నల్లకళ్ళద్దాలు, సెంటు ఘుమఘుమ. దిగింది మనోరమ, డిపార్ట్‌మెంట్‌లో అతని జోడీ.

"అల్లం ధరెట్లున్నది?"

"ఘాటుగనే ఉన్నది." కోడ్ కలిసింది.

"ముఠా చేతులకెళ్ళి గుంజుకొచ్చిన. ఇగో సీసా!" అంటూ ఐస్ నింపిన ఫ్లాస్క్ అందించింది. "జల్ది హైదరాబాద్ పోండ్రి. సరిహద్దు అవతల హుమ్నాబాద్‌ల మా అత్త ఇంట్ల దావత్ ఉన్నది, నేనటు పోత."

ఆమె ఫ్లాస్క్ తీసిన డిక్కీలో బకెట్ నిండా మేక గుర్దాలు, అంటే మూత్రపిండాలు. నెత్తుటి నీళ్ళలో తేలే ఐస్‌గడ్డలు, వాటి మీద ముసిరిన ఈగలు. ఛీ! ఏం కంపు! విరూపాక్ష మెడలో లింగం కట్టుకున్నవాడు, బుద్ధెరిగి మాంసం ముట్టనివాడు. ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు. మనోరమ నవ్వి డిక్కీ మూసి కారెక్కింది.

అతను ఫ్లాస్క్‌లోని సీసా నుంచి ఓ చుక్క కాగితం మీద వేశాడు. తెల్లగానే ఉంది. ఇది నకిలీ! మరి అసలుది? దానికీ ఐస్ కావాలి కదా!

బకెట్ గుర్తొచ్చింది. తన అసహ్యాన్ని నమ్ముకుని మరీ దాచింది, ముదనష్టపుది!

గేటు లేస్తోంది. కారు కదిలింది.

"గేటు దించుండ్రి!" అని అరుస్తూ పరుగెత్తి, కారు ఆగగానే డిక్కీ లేపి, కళ్ళు మూసుకుని మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. చల్లగా, జిగటగా, వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నాయి గుర్దాలు. అయినా బకెట్ అడుగుదాకా తడిమాడు. అప్పుడు తగిలింది గాజుసీసా. చుక్క పడగానే కాగితం ఊదారంగుకు తిరిగింది.

"లింగం కట్టినోనివి, దీంట్ల చెయ్యి పెడ్తవా?" మనోరమ మొహం పాలిపోయింది.

"పెట్టిన. గని నీ చెయ్యి పట్టాల్నంటెనే ఎక్కువ రోతైతున్నది," అని బేడీలు వేశాడు.

సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు. "శభాష్! దావత్ నాది. ఏం తింటావు?"

విరూపాక్ష అరిగిపోయిన సబ్బుతో చెయ్యి రుద్దుకుంటూనే ఉన్నాడు.

"పెరుగన్నం సార్. గని ముద్దలు మీరే పెట్టాలె."