గెడ నీది, వల నాది

గోడవతల రత్నకుమారి గారు చెప్పిందట. ఆవిడకి చెప్పింది ఆవిడ ఆడపడుచు కూతురట. ఆ పిల్ల ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి రోజూ ప్యాసింజర్‌లో వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఆ రైల్లో ఎవరేం మాట్లాడుకున్నా సాయంత్రానికి ఈ వీధికి చేరిపోతుంది.

బుచ్చిబాబు గారి అబ్బాయి మూతపడ్డ మిల్లులో టీవీ పెట్టుకుని, ఏలూరు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పొద్దస్తమానం ఆటలాడుతున్నాడట. ఇదేంటయ్యా అంటే ఉద్యోగం అంటాడట. ఇప్పుడా అమ్మాయి హైదరాబాద్ వెళ్ళిపోతోందట.

ఈ వార్తని పెసరట్టుతో పాటు మనవడి కంచంలో వడ్డించింది కనకరత్నం మామ్మ. ఆ బుచ్చిబాబు గారి అబ్బాయి తనే కాబట్టి ముందు మాటలకి అభినవ్ నవ్వుకున్నాడు. ఆఖరి మాట అట్టు ముక్కతో సహా గొంతులో అడ్డుపడింది.

"హైదరాబాదా? ఎవరన్నారు?"

"చెప్పాను కదరా, రత్నకుమారి."

"ఆవిడకి ఎవరన్నారు మామ్మా?"

"ఆడపడుచు కూతురు. రైల్లో ఆ అమ్మాయి పక్కనే కూర్చుంటుందట. ఇంకో అట్టు వెయ్యనా?"

అట్టు అక్కడే వదిలేసి బండి తీశాడు అభినవ్.

బుచ్చిబాబు గారి మిల్లు తాడేపల్లిగూడెంలో ఒకప్పుడు పేరున్న మిల్లే. పెద్ద మిల్లులు వచ్చాక పట్టా ఊడిపోయిన యంత్రంలా మూలబడింది. గోనెసంచులు పేర్చే గదిలో ఇప్పుడు రెండు బల్లలు, ఒక పాత టీవీ, నిండా వైర్లు. ఇంకా ఊక వాసన పోలేదు. అభినవ్, ప్రసూన ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ప్రాజెక్టు కోసం చేసిన వీడియో గేమ్ పెట్టె అక్కడే కంపెనీగా మారింది. టీవీకి తగిలిస్తే ఆట వస్తుంది. పెట్టె అభినవ్‌ది, ఆట ప్రసూనది.

చిన్నప్పుడు గూడెం స్టేషన్ రోడ్డులో గంట లెక్కన టీవీ గేమ్ ఆడించే కొట్టు ఒకటి ఉండేది. క్యాసెట్ ఆడకపోతే బయటికి లాగి, నోటితో ఉఫ్‌మని ఊది మళ్ళీ పెడితే ఆడేది. ఎందుకు ఆడేదో ఇంజనీరింగ్ చదివినా అభినవ్‌కి అంతు చిక్కలేదు. ఆ ఊదడం కోసమే తన పెట్టెకి కూడా క్యాసెట్ పెట్టాడు. మీసాలు వచ్చిన మగవాళ్ళు పెట్టె కొనడానికి మిల్లుకి వచ్చి క్యాసెట్ చేతిలోకి తీసుకోగానే, ఎవరూ చెప్పకుండానే ఉఫ్‌మని ఊదేవాళ్ళు. ఊది, సిగ్గుపడి నవ్వేవాళ్ళు.

ఆట పేరు 'దోనె'. కొల్లేట్లో తాటిదోనె మీద ఇద్దరు వెళ్తూ ఉంటారు. ఒకరు గెడ వేసి దోనెని నడపాలి, ఇంకొకరు వల విసరాలి. గూడకొంగలు బెదిరి లేచిపోతే ఇద్దరూ ఓడినట్టే. మొదటిరోజు నుంచీ గెడ అభినవ్‌ది, వల ప్రసూనది.

ఏలూరు రైలు దిగి వచ్చిన ప్రసూన భుజాన సంచి ఇంకా దించలేదు. అభినవ్ అడిగేశాడు.

"హైదరాబాద్ వెళ్తున్నావట?"

"గుడ్ మార్నింగ్ కూడా లేదా?"

"వెళ్తున్నావా?"

"అబ్బ, మీ గూడెం నాకంటే ముందే చెప్పేసిందే! ఇవాళ నేనే చెబుదామని వస్తున్నాను." సంచి బల్లమీద పెట్టింది. "హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీ మన దోనెని ఫోన్లో పెడతానంది. నన్ను అక్కడికొచ్చి చెయ్యమంది. ఒకటే షరతు. మనం పెట్టెలు చెయ్యడం ఆపెయ్యాలి. ఆట వాళ్ళ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండకూడదట."

"నువ్వేమన్నావు?"

"అభినవ్ గారిని అడిగి సోమవారం చెబుతాను అన్నాను."

'గారు' అందంటే కోపంగా ఉందని అర్థం. అయినా అభినవ్ తగ్గలేదు.

"మన ఆటకి మన పెట్టే ఉండాలి ప్రసూనా. వాళ్ళ ఫోన్లో పెడితే వాళ్ళు మార్చమన్నప్పుడల్లా మార్చాలి. మన పెట్టె అనుకో, మీట ఎక్కడుండాలో మనిష్టం. వైరు ఎంతుండాలో మనిష్టం."

"ఆ వైరు సంగతి ఎత్తకు. మూరెడు వైరుతో రిమోట్లు పెట్టావు. ఆడాలంటే భుజం భుజం తగిలేలా కూర్చోవాలి. పొడుగైతే సిగ్నల్ పోతుందన్నావు. నేనూ ఆ కాలేజీలోనే చదివాను బాబూ!"

అభినవ్ చెవులు ఎర్రబడ్డాయి. స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతున్నట్టు బల్లకిందికి వంగాడు. అది అతని జేబులోనే ఉంది.

"నా ఆట ఎక్కడెక్కడ ఆడుతున్నారో చెప్పనా? గూడెం, భీమడోలు, ఏలూరు, నల్లజర్ల. బస్సు కండక్టర్ కేకేసినట్టుంది. నల్లజర్ల దాటితే నా ఆటకి దారి తెలీదు. నేను రాసింది నీ పెట్టెలో పడి ఉంది అభినవ్. అది నీకు తెలుస్తోందా?" ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు.

పెట్టె ఆపితే ఆమె వెళ్ళిపోతుంది. ఆపకపోతే ఆమె ఆట ఇక్కడే ఉండిపోతుంది. అదే సమయానికి అభినవ్ ఫోన్ మోగింది.

"సూర్యప్రకాశరావునండి, భీమడోలు అవతల నుంచి. మన పెట్టె పలకడం లేదండి. ఇంట్లో మా ఆవిడ కూడా పలకడం లేదు. ముందు పెట్టె సంగతి చూస్తే రెండోదాని సంగతి నేను చూసుకుంటానండి."

అభినవ్ ప్రసూన వైపు చూశాడు. "ఆదివారం నాతో రా. ఒక్కసారి చూడు. ఆ తర్వాత నీ ఇష్టం."

పెట్టె ఎందుకు పలకడం లేదో ఇద్దరికీ తెలుసు. పసుపు.

మన వైపు కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా స్విచ్ వేసే ఇల్లుందా? పెట్టెకి పైన నడిమధ్యన క్యాసెట్ దూర్చే సందు ఉంది. చూడ్డానికి అచ్చం నుదురులా ఉంటుంది. తడిపసుపు వేలు సరిగ్గా అక్కడే పడుతుంది. దసరా వెళ్ళిందంటే గోనెసంచుల గదిలో రిపేరు బల్ల పచ్చగా అయిపోతుంది. ఒకసారి అభినవ్ 'ఇక్కడ పసుపు పెట్టరాదు' అని కాగితం అంటించాడు. అందరూ ఆ కాగితం మీదే పెట్టారు.

ఆదివారం బండిమీద భీమడోలు దాటి కొల్లేరు వైపు తిరిగారు. రోడ్డుకి అటూ ఇటూ చేపల చెరువులు, గట్లమీద కొబ్బరి మొక్కలు. నీళ్ళమీద మబ్బు నీడ. ఒక గూడకొంగ గుంపు బద్ధకంగా లేచి పక్క చెరువులో వాలింది.

"నా ఆటలో ఇంకా బాగా ఎగురుతాయి," అంది ప్రసూన వెనకనుంచి.

"నీ ఆటలో కంపు కొట్టవు. అంతే తేడా."

వీపుమీద ఒక దెబ్బ పడింది. అభినవ్‌కి దారి ఇంకాస్త పొడుగుంటే బాగుండుననిపించింది.

సూర్యప్రకాశరావు గారు నలభై దాటిన మనిషి, చేపల చెరువులున్న రైతు. చిన్నప్పుడు భీమడోలు గేటు పక్క కొట్లో టీవీ గేమ్ ఆడి, ఇంటికెళ్ళి తన్నులు తిన్న చరిత్ర ఉంది. ఆయన భార్య శ్రీలక్ష్మి గారు మజ్జిగ గ్లాసులు తెచ్చి, ఆయనకి తప్ప అందరికీ ఇచ్చింది.

"చూశారా అండి," అన్నాడాయన.

అభినవ్ పెట్టె విప్పి పసుపు గీకి, తుడిచి, సంచిలోంచి కొత్త మూత తీసి బిగించాడు. ప్రసూన ఆ మూత ఎప్పుడూ చూడలేదు. ముందువైపు, క్యాసెట్ సందుకి దూరంగా, వేలి కొస పట్టేంత గుంట ఒకటి ఉంది.

"ఇదేంటి?" అంది.

అతను చెప్పేలోపే శ్రీలక్ష్మి గారు పసుపు కుంకుమల పళ్ళెంతో వచ్చేసింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆవిడ వేలు పెట్టెమీద కాస్త వెతుక్కుని, తిన్నగా వెళ్ళి ఆ గుంటలో కూర్చుంది. చక్కటి పసుపు చుక్క, మధ్యన కుంకుమ.

"అమ్మయ్య, ఇప్పుడు ముఖం కళగా ఉంది," అందావిడ.

ప్రసూన ఆ చుక్కనే చూస్తూ ఉండిపోయింది.

మొగుడూ పెళ్ళాలు రిమోట్లు అందుకున్నారు. దోనె కదిలిందో లేదో మొదలైంది.

"ఏవండీ, అటు కాదండీ, కొంగలున్నాయి!"

"నాకు కనపడుతున్నాయే! నువ్వు వల తొందరపడి వెయ్యకు."

"గెడ మీ చేతిలో పెట్టినందుకు నన్ను నేను అనుకోవాలి!"

"అప్పుడే మాటలొచ్చేశాయండి, బాబూ," అని సూర్యప్రకాశరావు గారు అభినవ్‌కి కన్నుగీటాడు. కొంగలన్నీ లేచిపోయాయి. ఇద్దరూ ఓడిపోయి ఒకరినొకరు తిట్టుకుంటూ పడీ పడీ నవ్వుకున్నారు.

వచ్చేటప్పుడు శ్రీలక్ష్మి గారు ప్రసూన చెయ్యి పట్టుకుంది. "మా చెల్లెల్ని ఒంగోలు ఇచ్చారమ్మా. చిన్నప్పుడు మా నాన్న దోనెలో నేనూ అదీ ఇలాగే వెళ్ళేవాళ్ళం. ఈ ఆట గురించి చెబితే ఏడ్చేసింది. అక్కడ ఈ పెట్టె దొరకదట. ఫోన్లో పెట్టకూడదా అమ్మా?"

ప్రసూన కళ్ళలో నీళ్ళు తిరగడం అభినవ్ చూశాడు.

భీమడోలు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది, వానా పడింది. టీ కొట్టు పట్టాకిందికి పరిగెత్తారు. అప్పటికే అక్కడ సగం ఊరుంది. పట్టా అంచునుంచి నీళ్ళు ధారగా కారుతుంటే ప్రసూన ఒక అడుగు ఇటు జరిగింది. ఆమె జడలోంచి చుక్కలు అతని మోచేతిమీద పడుతున్నాయి. అతను చెయ్యి తీయలేదు. గూడ్సు బండి పెట్టె తర్వాత పెట్టె, వాన చూసుకుంటున్నట్టు మెల్లగా వెళ్తోంది.

"వాళ్ళు పంపిన నమూనా నిన్న ఫోన్లో ఆడాను," అంది ప్రసూన.

"ఎలా ఉంది?"

"బాగుంది. గెడ కంప్యూటరే వేస్తుంది. ఒక్కసారి కూడా తప్పదు."

'మంచిదేగా, నాలా కొంగల్ని లేపదు' అనుకున్నాడు అభినవ్. టీ చల్లారిపోయింది. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ప్రసూనా..."

"ఊఁ?"

గూడ్సు వెళ్ళిపోయింది. జనం బళ్ళు స్టార్ట్ చేశారు.

"ఏదో అనబోయావు."

"గేటు తీశారు అన్నాను."

ఆమె, "అదా! నాకూ కళ్ళున్నాయి," అని బండి దగ్గరికి నడిచింది.

సోమవారం అభినవ్ మిల్లుకి వెళ్ళలేదు. పొద్దున్నే హైదరాబాద్ కంపెనీకి ఫోన్ చేసి, చెప్పాల్సింది చెప్పేసి, వీధి అరుగుమీద కూర్చున్నాడు. పక్కనే మామ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బుచ్చిబాబు గారు పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు. ఇంతలో ఆటో ఆగింది. ప్రసూన దిగింది. ఆ ఇంటికి ఆమె రావడం అదే మొదటిసారి. వచ్చిన తీరు చూస్తే చుట్టపుచూపుకి వచ్చినట్టు లేదు.

"నమస్కారమండీ, నమస్కారం మామ్మగారూ," అని పెద్దవాళ్ళకి దండం పెట్టి, అదే ఊపులో అభినవ్ మీదికి తిరిగింది. "ఏమన్నావు వాళ్ళతో?"

"సరేనన్నాను. పెట్టెలు ఆపేస్తానన్నాను."

"ఎవర్నడిగి?"

"నువ్వేగా అన్నావు, నీ ఆట నా పెట్టెలో పడి ఉందని! నిన్న ఆవిడ అడిగితే నీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చూశాను. నీ ఆట ఒంగోలు వెళ్ళాలి. ఇంకా దూరం వెళ్ళాలి. నా మూలంగా ఆగకూడదు."

"నేను వాళ్ళకి పొద్దున్నే ఫోన్ చేసి వద్దన్నాను!"

బుచ్చిబాబు గారి పేపరు కొంచెం కిందికి దిగింది.

"వద్దన్నావా?"

"అన్నాను. కాసేపటికి నువ్వు సరేనన్నావట. ఆ కంపెనీ ఆయన నాకు ఫోన్ చేసి, అమ్మా, ముందు మీరిద్దరూ మాట్లాడుకుని నాకు చెయ్యండి అన్నాడు. పరువు పోయింది!"

"ఎందుకు వద్దన్నావు?"

"ఏ ఫోన్లో వాళ్ళు బొట్టుకి చోటుంచుతారు? నాతో ఒక్క మాట చెప్పకుండా ఆ గుంట చేసిపెట్టావు. పైగా ఆ ఫోన్లో గెడ తప్పకపోతే నేనెవర్ని తిట్టను? అది ఆటా? పెట్టెలు ఆపడానికి వీల్లేదు."

"నీకు పిచ్చా? పెట్టెల రోజులు పోయాయి. అందరి జేబులోనూ ఫోనుంది. ఇంకా సొంత పెట్టె చేసే కంపెనీ ఎక్కడైనా బాగుపడిందా?"

"మొన్న నేనన్న మాటే నాకు చెబుతున్నావా?"

"మరి నువ్వు నా మాట నాకు చెప్పడం లేదా?"

ఇద్దరూ ఆయాసపడుతూ ఆగారు. గోడవతల గిన్నెల చప్పుడు కూడా ఆగింది. ప్రసూన గబగబా వెళ్ళి మామ్మ పక్కన కూలబడింది.

"మామ్మగారూ, మీరైనా చెప్పండి. మేం ఈ పెట్టెలు చెయ్యాలా, మానెయ్యాలా?"

మామ్మ చేతిలో ఉన్న చిక్కుడుకాయకి ఈనె తీసి పడేసి, ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

"నువ్వు రోజూ రైలెక్కి రావాలని వాడు పెట్టెలు చేస్తున్నాడమ్మా. అవి చేస్తే ఏంటి, మానితే ఏంటి? ముందు మీ నాన్నగారి ఫోన్ నంబరు చెప్పు."