ఆపరేషన్ ఐరేని కుండ

"చెరువును హత్య చేశారు కొండలూ," అన్నాడు చీఫ్ వీరస్వామి, చెరుకు గడను మిషన్లోకి తోస్తూ. "చంపినవాడే ఇప్పుడు, అది పుట్టు రోగిష్టిది, నాకేం సంబంధం అంటున్నాడు."

జనగామ బస్టాండు ఎదురుగా చీఫ్ ఆ వారం చెరుకురసం బండి పెట్టుకున్నాడు. ఏజెంట్ కొండల్ "ఐసు వద్దు, ఉప్పెయ్" అని కోడ్ చెప్పాక గానీ గ్లాసు చేతికివ్వలేదు. రసంలో నిజంగానే ఉప్పు వేశాడు. డిపార్ట్‌మెంట్లో ఎవరూ చీఫ్‌తో హాస్యాలాడరు.

"టార్గెట్?"

"హెల్వార్ మెటల్స్. విదేశీ కంపెనీ. కాటారం అవతల పోతులమడుగు చెరువు ఒడ్డున పాత బ్యాటరీలు కరిగించి సీసం తీస్తుంది. చేపలు చచ్చాయి. ఆ చేపలు తిన్నవాళ్లు మంచాన పడ్డారు."

"కేసు?"

"ట్రిబ్యునల్లో ఉంది. చెరువు ఏ ఒక్కరి సొత్తూ కాదు, ప్రభుత్వం దానికి ధర్మకర్త. పాడు చేసినవాడు అది మళ్లీ బాగయ్యేదాకా ఖర్చంతా కక్కాలి. చట్టం అక్కడిదాకా మనవైపే ఉంది. కానీ కంపెనీ రాకముందు చెరువు మట్టి శుభ్రంగా ఉండేదని రుజువు కావాలి. బేస్‌లైన్. అది లేకపోతే కేసు లేదు, చెరువూ లేదు."

చెరువు అడుగు తవ్వితే పాత మట్టి దొరకదా అని కొండల్ అడగబోయాడు. చీఫ్ చెయ్యెత్తి ఆపాడు. పోయిన ఎండాకాలం కంపెనీ సమాజసేవ పేరుతో పూడికంతా బండ తేలేదాకా తీయించి ఇటుక బట్టీలకు తోలించింది. ల్యాబులో ఉన్న పాత శాంపిళ్లు ఫ్రిజ్‌తో సహా కాలిపోయాయి.

"గ్రే డెస్క్ అనే ముఠా పని. ఎన్నో దేశాల్లో ఇదే వాళ్ల వ్యాపారం. వాళ్లు మనుషుల్ని చంపరు కొండలూ. 'మునుపు' అనేదాన్ని చంపుతారు."

కొండల్‌ది పెద్దవంగర. పెళ్లంటే కుమ్మరి ఇంటికి డప్పులతో పోయి, సున్నమూ ఎర్రరంగూ వేసిన ఐరేని కుండలు నెత్తిన పెట్టుకొచ్చే ఊరు. గ్లాసు కింద పెట్టి ఒకే ప్రశ్న అడిగాడు. "ఆ ఊరి కుమ్మరి మట్టి ఎక్కడ తీసేవాడు?"

చీఫ్ మిషన్ ఆపేశాడు.

* * *

పాత ఇనుము కొనేవాడి వేషంలో, మైకు కట్టిన ఆటోతో కొండల్ పోతులమడుగంతా తిరిగాడు. కంపెనీ రాకముందు పెళ్లిళ్లయిన ఇళ్లలో, ఆ చెరువు మట్టితోనే చేసిన ఐరేని కుండలు ఇంకా భద్రంగా ఉన్నాయి. కంది విత్తనాలో, పెసలో పోసి మూల పెట్టుకున్నారు. ఆ ఇళ్లన్నీ గుర్తుపెట్టుకుని టెక్నికల్ ఎక్స్‌పర్ట్ డాక్టర్ ప్రియదర్శినికి చెప్పాడు.

ప్రియదర్శిని భూపాలపల్లి వైపు పెద్ద భూస్వాముల బిడ్డ. విదేశాల్లో చదివి, ప్రభుత్వం తరఫున ఈ కేసుకు వచ్చింది. నల్లకళ్లద్దాలు, కంచి కాటన్ చీర. ఆమె నడిచొస్తుంటే పంచాయతీ ఆఫీసులో ఫ్యాన్లు కూడా ఒక చుట్టు ఎక్కువ తిరిగేవి. కొండల్‌కూ గుండె ఒకటి రెండుసార్లు లయ తప్పింది, అబద్ధమెందుకు? కానీ ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. శాంపిళ్లు కాలిన రోజు నుంచి కొండల్ తన నీడను కూడా నమ్మడం మానేశాడు. అందుకే ఒక్క ఇంటి సంగతి ఆమెకు చెప్పలేదు. అది చీఫ్ చెవిలో మాత్రం వేశాడు.

ట్రిబ్యునల్ కమిషనర్ వచ్చే రోజు పొద్దున కుండలు తెద్దామని మొదటి ఇంటికి పోతే, వాకిట్లో కొత్త స్టీలు బిందె తళతళలాడుతోంది.

"కుండ ఏదక్కా?"

"స్టీలు సామానాయన పట్కపోయిండు తమ్మీ. మ్యూజియంల పెడ్తరట, మస్తు పదిలంగ ఉంటదన్నడు. మట్టికుండకు బిందె ఇచ్చిండు, పిచ్చోడు!"

రెండో ఇంట్లో బిందె. మూడో ఇంట్లో బిందె, దానికి తోడు గంగాళం. తొర్రూరు హోల్‌సేల్ దుకాణం స్టిక్కర్లు ఇంకా ఊడలేదు. ఊరి బయటి క్వారీలో కొండల్‌కు మ్యూజియం కనిపించింది. కుండలన్నీ కలిపి రోడ్డు రోలరు కింద వేసినట్టు పిండి చేసి, దానిమీద డీజిల్ పోసి, కంపెనీ బూడిద కుమ్మరించారు. చిటికెడు మట్టి కూడా పరీక్షకు పనికిరాదు.

వెంట వచ్చిన ఆడవాళ్లు అది చూసి గుండెలు బాదుకున్నారు. మొగుడు బతికుండగా ఐరేని కుండ పగలడమంటే ఆ ఊళ్లో తాళి తెగినంత కీడు. వాళ్ల ఏడుపు వింటూ కొండల్ క్వారీ గట్టున కూలబడిపోయాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత నిస్సహాయంగా ఎప్పుడూ అనిపించలేదు. అయితే ఒక సంగతి మాత్రం తేలిపోయింది. ప్రియదర్శినికి చెప్పిన ప్రతి ఇల్లూ ఖాళీ అయింది. చెప్పని ఇల్లు ఒక్కటే మిగిలింది.

అది సమ్మక్క ఇల్లు.

* * *

సమ్మక్క పెనిమిటి సాయిలు చెరువులో చేపలు పట్టి బతికినవాడు. మూత్రపిండాలు చెడి భూపాలపల్లి దవాఖానలో, చావుబతుకుల మధ్య ఉన్నాడు.

"కుండ తెస్త తమ్మీ," అంది సమ్మక్క. "సూపెట్టి మల్ల పట్కొస్త. దానికి దెబ్బ తాకొద్దు. ఆయన గిట్లున్నప్పుడు అస్సలే తాకొద్దు."

"తాకనియ్యనక్కా," అని కొండల్ మాటిచ్చాడు. అతని సంచిలో తుపాకీ ఆకారంలో ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ ఉంది. ట్రిగ్గర్ నొక్కితే ఎదుటి వస్తువులో ఏ లోహం ఎంతుందో తెరమీద చెబుతుంది. గీత కూడా పడదు.

పంచాయతీ ఆఫీసులో కమిషనర్ అరుణ, రిటైర్డ్ జడ్జి, టేబుల్ వెనక కూర్చుంది. ఐదింటికి విచారణ ముగించాలి. ఇంకో రోజు ఇచ్చేది లేదని ముందే చెప్పింది. కంపెనీ లాయరు కాళ్లు చాపుకుని నవ్వుతున్నాడు. సమ్మక్క కొంగు కప్పిన కుండను టేబుల్ మీద పెట్టేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. పక్కనే పెళ్లి ఫోటో పెట్టింది. అందులో పడుచు సాయిలు, తలవంచుకున్న సమ్మక్క, వాళ్ల ముందు ఇదే కుండ, అదే ఎర్రచిలకల ముగ్గు. కింద స్టూడియోవాడు వేసిన తేదీ. కంపెనీ అప్పటికి ఇంకా ఎన్నో ఏళ్ల దూరంలో ఉంది.

ప్రియదర్శిని కళ్లద్దాలు తీసింది. ఒక్క క్షణం ఆమె ముఖం పాలిపోయింది. వెంటనే సర్దుకుంది.

"మేడం, నిజాయితీగా ఒక అభ్యంతరం చెప్పాలి," అంది మెత్తగా. "పైన రంగుంది, రంగులోనే సీసం ఉండొచ్చు. లోపల ఇన్నేళ్ల వాడకముంది. రీడింగ్ చెల్లాలంటే కుండ పగలగొట్టి, లోపలి మట్టి మీద తీయాలి."

లాయరు అందుకున్నాడు. కమిషనర్ ఆలోచించి తలూపింది. "సరైన మాటే. కానీ యజమాని ఇష్టపడితేనే."

కొండల్‌కు అప్పుడర్థమైంది. ఈ అభ్యంతరం ఏ విదేశీ బుర్రకూ తట్టదు. ఈ నేల మీద పుట్టినదానికే ఇక్కడ ఏ ముల్లు ఎక్కడ గుచ్చాలో తెలుస్తుంది.

"పలగ్గొట్టుడా?" సమ్మక్క కుండను గుండెకు హత్తుకుంది. "వద్దు సారూ! మీకు దండం పెడ్త."

సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది. ఏదో ఆడగొంతు, దవాఖాన నుంచట. సాయిలుకు సీరియస్‌గా ఉంది, గంట కూడా కష్టమట. ఫోన్ కట్టయింది. కొండల్ అదే నంబరుకు చేశాడు. స్విచాఫ్. దవాఖానకు చేద్దామనేసరికి సిగ్నలే పోయింది.

"నిజమేనా తమ్మీ? ఆయన పోతున్నడా?"

అబద్ధమని చెప్పేయొచ్చు. కుండ లాక్కుని నేలకేసి కొట్టనూ వచ్చు. ట్రైనింగ్‌లో నేర్పింది అదే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొండల్ ఫోన్ జేబులో పెట్టేశాడు.

"నాకు తెల్వదక్కా. నిన్ను ఆపనీకి ఎవలో ఆడుతున్న నాటకం అనిపిస్తంది. గని నిజమే కావచ్చు. ఒట్టేసి చెప్పలేను. దెబ్బ తాకనియ్యనన్న, గా మాట కూడ నిలబెట్టలేకపోతున్న. నీ ఇష్టం. పట్కపోతనంటే బండి మీద నేనే దింపుత."

గోడ గడియారంలో ముల్లు ఐదుకు చేరుతోంది. కమిషనర్ పెన్ను క్యాపు చేతిలోకి తీసుకుంది.

సమ్మక్క కుండలోని కందులు కొంగులోకి వంపుకుంది. "పైసలు మాకిస్తరా చెరువుకిస్తరా?" అని అడిగింది కమిషనర్‌ను.

"చెరువుకేనమ్మా. అది బాగయ్యేదాకా."

"ఆయన పానమంత గా చెరువులనే ఉండె," అంది సమ్మక్క. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. "బతికొస్తే కుండేదని అడగడు. చెరువెట్లున్నదని అడుగుతడు. నేనేం చెప్పాలె?"

కుండను రెండు చేతులా పైకెత్తి గచ్చు మీద కొట్టింది.

ఆ చప్పుడుకు ప్రియదర్శిని కూడా కళ్లు మూసుకుంది. కొండల్ మోకాళ్ల మీద పడి, పెద్ద పెంకు తీసి, పగిలిన అంచున గన్ ఆనించి ట్రిగ్గర్ నొక్కాడు. కమిషనర్ పెన్ను క్యాపు సగం పెట్టి ఆగింది. తెరమీద అంకె నిలబడింది. సీసం ఉండీ లేనట్టే ఉంది. పూడిక తీశాక చెరువులో కొత్తగా చేరిన మట్టిలో దానికి ఇరవై రెట్లు.

"రికార్డు చేస్తున్నాను," అంది కమిషనర్, క్యాపు మళ్లీ తీసి. గడియారం ఐదు కొట్టింది. లాయరు చాపిన కాళ్లు ముడుచుకుని ఫైళ్లు సర్దుకోసాగాడు. ప్రియదర్శిని గుమ్మం దాటబోతే, పొద్దున కొండల్ పిలిపించిన ఇద్దరు లేడీ కానిస్టేబుళ్లు దారికడ్డంగా నిలబడి నమస్కారం పెట్టారు.

"కుండ పగలగొట్టమన్నది నేనే," అంది ఆమె కొండల్‌తో, చేదుగా నవ్వి. "ఏ ఆడదీ పగలగొట్టదనుకున్నాను."

"నేనూ అనుకున్న," అన్నాడు కొండల్.

బండి తీసి సమ్మక్కను ఎక్కించుకునేలోపే అతని ఫోన్‌కు సిగ్నల్ వచ్చింది. చీఫ్! రెండు రోజులుగా దవాఖానలో సాయిలు పక్క మంచం మీద కడుపునొప్పి వేషంతో పడుకుని కాపలా ఉన్నాడట. సీరియస్ అని ఎవరూ ఫోన్ చేయలేదట. పొద్దుటి నుంచి సాయిలు నీళ్లు తాగుతున్నాడు, మాట్లాడుతున్నాడు, నర్సులతో పంచాయితీ కూడా పెట్టుకున్నాడట. సమ్మక్క అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయి, గుండె పగిలిపోయేలా ఏడ్చింది. కొండల్ స్పీకర్ పెట్టి, కుండ సంగతి చీఫ్‌కు చెప్పాడు.

"ఇగో, సాయిలు ఒక మాట అడగమంటున్నాడు," అన్నాడు చీఫ్ గంభీరంగా. "ఐరేని కుండ పలగ్గొట్టినవంటే లగ్గం రద్దయినట్టే గదా, నేను ఇంకో పిల్లను సూసుకోవచ్చునా అంటున్నాడు."

సమ్మక్క ముక్కు చీది, ఫోన్ లాక్కుని, ఆ ప్రశ్నకు వివరంగా జవాబు చెప్పింది. రిపోర్టు రాసేటప్పుడు కొండల్ ఆ జవాబును మాత్రం వదిలేశాడు. అందులోని కొన్ని మాటలు దేశభద్రత దృష్ట్యా బయటపెట్టదగినవి కావు.