మోటారు లేని డ్రిల్లింగ్ మిషన్

ఆ ఇంటి వెనకున్న రేకుల షెడ్డంటే వీధి వీధంతా హడలు. చీకటి పడ్డాక లోపల ఎవరో ఇనుము కొరుకుతారని ఒకరు, ఒకప్పుడు అక్కడ పనిచేసిన మేస్త్రీ ఆత్మ ఇంకా డ్యూటీ దిగలేదని ఇంకొకరు... అటువైపు కిటికీ తీసే ధైర్యం ఎవరికీ లేదట.

బస్సు నడిపే ఆ ఇంటి కోడలు మాత్రం షెడ్డు తాళం పగలగొట్టించి, తన వర్క్‌షాపు అందులోనే పెట్టింది. పాత సామాన్ల కొట్లో దొరికిన తాతల కాలం నాటి డ్రిల్లింగ్ మిషన్‌ని ఆటోలో వేసుకుని తెచ్చింది. ఒళ్ళంతా తుప్పు. హ్యాండిల్ పట్టుకుని వేలాడినా కదలదు.

"ఈ ఇనుప శవాన్ని ఎక్కడినుంచి మోసుకొచ్చావమ్మా!" అన్నారు మామగారు. రిటైరైన హెడ్మాస్టరు. "ఆదివారానికి తిరగలేదో, పాత ఇనుము వాడికి ఇచ్చేస్తాను."

కోడలికి పంతం వచ్చింది. కిరసనాయిలు పోసి నానబెట్టింది, తుప్పు గీకింది, బేరింగులు మార్చింది, ఆకుపచ్చ రంగు కూడా వేసింది. శనివారం సాయంత్రం పైనున్న పుల్లీ చక్రాన్ని వేలితో ఇలా తోసిందో లేదో — గిర్రున తిరిగింది! ఆడపడుచుని పట్టుకుని గంతులేసింది. ఇక మోటారు బిగించడమే తరువాయి. ఆ మోటారుని తుడిచి, చంటిపిల్లలా గుడ్డలో చుట్టి తన మంచం కింద పెట్టుకుంది.

ఆ రాత్రి... ఆడపడుచు వచ్చి భుజం కుదిపింది.

"వదినా... మిషన్ నడుస్తోంది."

"మోటారు లేకుండా ఎలా నడుస్తుందే?"

"విను..."

డుర్ర్ర్ర్...

కోడలు మంచం కింద తడిమింది. మోటారు చల్లగా చేతికి తగిలింది — ఉన్నచోటే ఉంది.

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పెరట్లోకి నడిచారు. ఆడపడుచు రెండో చేతిలో చీపురు.

"దెయ్యాన్ని ఊడ్చేస్తావా ఏంటే?" అని కోడలు గుసగుసలాడేసరికి, ఇద్దరికీ నవ్వు ఆగలేదు. చీర కొంగు ఒకరు, చున్నీ ఒకరు నోట్లో కుక్కుకున్నారు.

అంతలో మళ్ళీ — డుర్ర్ర్ర్!

ఆడపడుచు చీపురు పైకెత్తి పట్టుకుంది.

షెడ్డు తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చీకట్లో తెల్లగా ఏదో ఊగుతోంది... పుల్లీ గిరగిరా తిరుగుతోంది...

కోడలు కళ్ళు గట్టిగా మూసుకుని, గోడ తడుముకుని, లైటు స్విచ్చి నొక్కింది.

తెల్ల బనీనులో మామగారు! ఒక చేత్తో పుల్లీ తిప్పుతూ, ఇంకో చేత్తో హ్యాండిల్ కిందికి లాగుతూ, రెండు బుగ్గలూ పూరించి — "డుర్ర్ర్ర్" అంటున్నారు.

ఆయన నోరు అలాగే సున్నాలా ఉండిపోయింది. ఆడపడుచు చీపురు వదిలేసి, కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన గొంతు సవరించుకున్నారు. హెడ్మాస్టరు గొంతు తెచ్చుకుందామని చూశారు. రాలేదు. కిసుక్కుమన్నారు.

"అది కాదమ్మా..." అన్నారు హ్యాండిల్ మాత్రం వదలకుండా. "ఆ మోటారేదో ఇప్పుడే బిగించెయ్యకూడదూ?"