తోకలో ఇనప్పెట్టె

"వంతెన దాటి అవతలి ఒడ్డుకి. పన్నెండు లోపు. ప్రశ్నలున్నాయా?" అన్నాడు చీఫ్.

"జెట్ నడుపుతాను, జలాంతర్గామి నడుపుతాను. ట్రైలర్ లాగడం నావల్ల కాదు మావయ్యా!" అన్నాడు ఏజెంటు.

"ఆఫీసులో చీఫ్ అని ఏడు!"

ట్రైలర్‌లో ఓ ఇనప్పెట్టె. అందులో, విదేశాల్లో మారువేషాల్లో ఉన్న నలభై మంది మన ఏజెంట్ల పేర్లు. ఒక్క కాగితం, దాని చుట్టూ అర టన్ను ఇనుము. అది శత్రుముఠాకి చిక్కితే నలభై మందీ సాయంత్రం కాఫీకి మిగలరు.

తోడుగా ఎక్స్‌పర్ట్‌ని పంపారు. పన్నెండేళ్ళు ట్రైలర్లు లాగిందట. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఆమె నవ్వగానే కాపలావాడు గేటు బదులు నోరు తెరిచాడు.

పెట్టెని దగ్గరుండి ట్రైలర్ వెనక అంచున పెట్టించింది.

"బరువంతా తోకలోనా మేడమ్?"

"దించడం సులువు. మీరు స్టీరింగ్ చూస్కోండి సార్."

వంతెన మీద కారు ఓ లారీ చాటున ఉన్నంతసేపూ హాయిగానే ఉంది. దాన్ని దాటగానే పక్కగాలి ఈడ్చి కొట్టింది. ట్రైలర్ ఎడమకి ఊగింది. కుడికి ఇంకా పెద్దగా ఊగింది. ఎడమ అద్దంలో ఓసారి పలకరించి కుడి అద్దంలోకి పోతోంది. స్టీరింగ్ ఎటు తిప్పినా ఊపు పెరిగేదే. మూడు దేశాల జైళ్ళలో రాని విసుగు మూడు నిమిషాల్లో వచ్చింది.

"దీని దుంపతెగ! ఏం చేసినా రివర్సే!"

కింద సముద్రంలో ఓ మోటారు బోటు సరిగ్గా వాళ్ళ వేగంతోనే వస్తోంది. ట్రైలర్ రెయిలింగు వైపు జారింది.

"బ్రేక్! గట్టిగా తొక్కండి!" అని అరిచిందామె.

ఏజెంటు కాలు గాల్లోనే ఆగింది. పొద్దున చదివిన మాన్యువల్ మొదటి పేజీలో ఎర్ర అక్షరాలు: తోకలో బరువు పెట్టకు. ఊగేటప్పుడు కారు బ్రేక్ తొక్కకు, కారు ఆగినా ట్రైలర్ ఆగదు, వెనకనుంచి తోసి పడేస్తుంది.

పన్నెండేళ్ళ ఎక్స్‌పర్ట్‌కి మొదటి పేజీ తెలీదా? తెలుసు. అందుకే తొక్కమంటోంది. పెట్టె నీళ్ళలో పడితే ఏరుకోడానికే కింద ఆ బోటు.

యాక్సిలరేటర్ వదిలాడు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, ట్రైలర్‌కి విడిగా ఉన్న బ్రేకు మీట నొక్కాడు.

ఆమె లిప్‌స్టిక్ పిస్తోలు తీసింది. ఆఖరి ఊపుకి అది కిటికీలోంచి ఎగిరి సముద్రంలో పడింది. రెయిలింగుకి జానెడు దూరంలో ట్రైలర్ బుద్ధిగా వెనకాలే నడిచింది.

"తోకలో పెట్టించింది మీరేగా మేడమ్. అనుభవించండి."

పన్నెండుకి అర నిమిషం మిగిలుండగా ఒడ్డు చేరి, ఆమెకి బేడీలు వేసి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"పెట్టె క్షేమం."

"భేష్! తాళంచెవి నా జేబులోనే ఉండిపోయింది, వచ్చి పట్టుకెళ్ళు. పెట్టెని ఒంటరిగా వదలకు, దాన్నీ లాక్కురా."